నకిలీకి లొంగనిదే నిలుస్తుంది

2014లో ఆండ్రూ ఎంగ్ ఒక అంచనా చెప్పారు. అప్పుడాయన చైనా సెర్చ్ సంస్థ బైదూలో ప్రధాన శాస్త్రవేత్త. ఐదేళ్లు తిరిగేసరికి కనీసం సగం వెతుకులాటలు గొంతుతోనో బొమ్మలతోనో జరుగుతాయన్నది ఆ మాట. అది నోటినోటా పాకింది. పాకేకొద్దీ బొమ్మల సంగతి జారిపోయి, ‘2020 నాటికి సగం సెర్చ్‌లు గొంతుతోనే’ అన్న ముక్క మిగిలింది. వ్యాపారులకు చూపించే ప్రజెంటేషన్లలో అది ఏళ్ల తరబడి కనిపించింది. 2020 వచ్చి వెళ్లింది. ఫోనుతో మాట్లాడేవాళ్లు పెరిగారు. ఆ సగం మాత్రం రాలేదు.

సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్, అంటే సెర్చ్ ఫలితాల్లో మన పేజీ పైకి వచ్చేలా చేసే పని, పొట్టిగా ఎస్‌ఈవో. కొత్త ఏడాది వస్తోందంటే చాలు, దీని మీద జోస్యాలు మొదలవుతాయి. వాటిలో చాలా వాటికి గొంతు సెర్చ్‌కి పట్టిన గతే పడుతుంది. అలాగని ఈ రంగంలో ముందుచూపు అసాధ్యమని నేననను. పాతికేళ్లకు పైబడిన చరిత్రను వరసగా పెట్టి చూస్తే ఒక సూత్రం కనిపిస్తుంది. రేపు ఏ పరికరం వస్తుందో అది చెప్పదు. ఏది విలువ పోగొట్టుకుంటుందో, ఏది నిలబడుతుందో మాత్రం చెబుతుంది. చిన్న దుకాణం నడిపేవాళ్లు, చిన్న పత్రిక నడిపేవాళ్లు, తమ ఊరి గురించి ఓపిగ్గా రాసేవాళ్లు తమ కష్టాన్ని సరైన చోట పెట్టాలంటే ఆ సూత్రం వాళ్లకు తెలిసి ఉండాలి.

సంబంధం విచారించినట్టే

సెర్చ్ ఇంజిన్ పనిలో మూడు మెట్లున్నాయి. క్రాలర్ అనే ప్రోగ్రామ్ లింకులు పట్టుకుని వెబ్ అంతా తిరుగుతూ పేజీలు చదువుతుంది. చదివినవాటిని సెర్చ్ ఇంజిన్ ఇండెక్సులో చేరుస్తుంది. పుస్తకం చివర ఉండే పదసూచికలాంటిది అది. మనం ఏదైనా అడిగినప్పుడు ఆ ఇండెక్సులోంచి తగిన పేజీలు తీసి వరస పెడుతుంది. మొదటి రెండూ శ్రమతో అయ్యే పనులు. మూడోది తీర్పు చెప్పే పని, చిక్కంతా అక్కడే. వేల పేజీలు ఒకే సంగతి చెబుతుంటే ఎవరి మాట నమ్మాలి?

మన ఇళ్లలో పెళ్లి సంబంధం విచారించే పద్ధతి ఒకసారి గుర్తు చేసుకోండి. ముందు బయోడేటా వస్తుంది. అది వాళ్లు రాసుకున్నదే కాబట్టి, దాన్ని చూసి ఎవరూ ముహూర్తం పెట్టించరు. మధ్యవర్తిని అడుగుతారు. ఆ మధ్యవర్తికి అవతలివైపు నుంచి ముట్టేది ఉందని తెలిస్తే, ఆయన మాటకు బరువు తగ్గుతుంది. అప్పుడు ఆ ఊళ్లో మనకు తెలిసినవాళ్లెవరున్నారని ఆరా తీస్తారు. ఆ కుటుంబంతో పదేళ్లుగా మెలిగినవాళ్ల మాట వింటారు. ప్రతి మెట్టులోనూ పెద్దలు తూచేది ఒక్కటే: ఈ ఆధారాన్ని కల్పించడం ఎంత కష్టం? ఎంత కష్టమో దానికి అంత విలువ.

సెర్చ్ ఇంజిన్లు పాతికేళ్లకు పైగా చేస్తున్నది ఈ విచారణే. ఒక ఆధారాన్ని నమ్మడం, దాన్ని జనం చౌకగా తయారు చేయడం నేర్చుకోవడం, ఆ తర్వాత దాన్ని వదిలి అంతకంటే కల్పించడానికి కష్టమైనదాన్ని పట్టుకోవడం. ఇదే కథ నాలుగుసార్లు జరిగింది.

నాలుగు ఆధారాలు, నాలుగు పతనాలు

మొదటి ఆధారం పేజీలోని మాటలు. 1995లో వచ్చిన ఆల్టావిస్టా వంటి తొలినాటి సెర్చ్ ఇంజిన్లు, అడిగిన మాట పేజీలో ఉందా, ఎన్నిసార్లు ఉందన్నదాని మీద బాగా ఆధారపడ్డాయి. పేజీ గుణం చెప్పుకోవడానికి ‘మెటా కీవర్డ్స్’ అని ఒక అర కూడా ఉండేది. అది అచ్చంగా బయోడేటా. తెల్లటి నేపథ్యం మీద తెల్లటి అక్షరాలతో, చదివేవాళ్లకు కనబడకుండా ఒకే మాటను వందలసార్లు రాసిన పేజీలు పుట్టుకొచ్చాయి. ర్యాంకు లెక్కలో మెటా కీవర్డ్స్‌ను తాము చూడటం లేదని గూగుల్ 2009లో బహిరంగంగా చెప్పింది.

రెండోది లింకు. స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేస్తున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో వెలువరించిన పత్రంలో పేజ్‌ర్యాంక్‌ను వివరించారు. ఒక పరిశోధన పత్రాన్ని ఎందరు ఉదహరించారో చూసి దాని విలువ అంచనా కట్టే పద్ధతికి ఇది బంధువు. ఒక పేజీకి మరో పేజీ లింకు ఇవ్వడం సిఫారసు లాంటిది. సిఫారసు చేసినవారికి ఎంత గౌరవం ఉంటే ఆ సిఫారసుకు అంత బరువు. గొప్ప ఆలోచన. అందుకే దానికి గిరాకీ వచ్చింది, గిరాకీతోపాటు సంత వచ్చింది. లింకులు కొనడం, అమ్మడం, వాటి కోసమే డొల్ల సైట్లు పెట్టడం ఒక వ్యాపారమైంది. ఈ లింకును సిఫారసుగా లెక్కించవద్దని చెప్పే ‘నోఫాలో’ గుర్తు 2005లో వచ్చింది. 2012 ఏప్రిల్‌లో దొంగ లింకులను పట్టే గూగుల్ మార్పు, పెంగ్విన్ అప్‌డేట్, వచ్చినప్పుడు, డబ్బిచ్చి లింకులు పెట్టించుకున్నవాళ్లే వాటిని తీసేయమని ఊరూరా ఉత్తరాలు రాయవలసి వచ్చింది.

మూడోది రాశి. ఏ ప్రశ్న అడిగినా దానికో పేజీ ఉండాలని, తక్కువ డబ్బుకు వేలకొద్దీ వ్యాసాలు రాయించి గుట్టలు పోసిన సైట్లను ‘కంటెంట్ ఫార్మ్‌’లన్నారు. 2011 ఫిబ్రవరిలో వచ్చిన పాండా అప్‌డేట్ వాటి నడ్డి విరిచింది. అమెరికాలో దాదాపు 12 శాతం వెతుకులాటల ఫలితాలు దాంతో కదిలిపోయాయి. పాండా అన్నది జంతువు పేరు అనుకుంటారు చాలామంది. ఆ పనిలో కీలకంగా ఉన్న ఇంజినీరు నవనీత్ పాండా పేరది.

నాలుగోది భాష. తప్పులు లేకుండా, వరసగా, శీర్షికలు పెట్టి, పొందికగా రాసి ఉంటే ఎవరో కూర్చుని శ్రద్ధగా రాశారని అర్థం ఉండేది. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చింది. ఆ రోజుతో చక్కటి వాక్యం ఖరీదు దాదాపు సున్నా అయింది. 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ నిబంధనల్లో కొత్త నేరాన్ని చేర్చింది: ర్యాంకుల కోసం కుప్పలుగా పేజీలు తయారు చేయడం. యంత్రం రాసిందా మనిషి రాశాడా అన్నది అక్కడ ప్రశ్న కాదు. చదివేవారికి ఉపయోగం లేకుండా కుప్ప పోశారా అన్నదే ప్రశ్న.

ఈ నాలుగింటినీ కలిపితే సూత్రం ఒక వాక్యంలోకి వస్తుంది: ఏ ఆధారమైనా కల్పించడం చౌకైన రోజు నుంచి విలువ పోగొట్టుకుంటుంది. రేపు ఏమవుతుందని ఎవరైనా అడిగితే, ఇవాళ కొత్తగా చౌకైంది ఏమిటని మనం ఎదురు అడగాలి. జవాబు అక్కడే ఉంది.

పరికరాలు పోయాయి, ప్రశ్నలు మిగిలాయి

ఈ సూత్రాన్ని పట్టించుకోని జోస్యాలు ఎందుకు తప్పాయో ఇప్పుడు తేలిగ్గా తెలుస్తుంది. అవి పరికరాన్ని చూశాయి. 2011లో రచయిత ఫొటోను సెర్చ్ ఫలితం పక్కన చూపే పద్ధతి వచ్చింది. గూగుల్ సొంత సోషల్ నెట్‌వర్క్ గూగుల్ ప్లస్‌లో ఖాతా లేని రచయితకు భవిష్యత్తు లేదన్నారు. 2014లో ఆ పద్ధతి ఆగిపోయింది, 2019లో గూగుల్ ప్లస్సే మూతపడింది. 2015లో ఫోన్ల కోసం పేజీలను తేలిక చేసే ఏఎంపీని ప్రకటించారు. ఫలితాల్లో వచ్చే వార్తల వరస ‘టాప్ స్టోరీస్’లో చోటు కోసం ఎన్నో వార్తా సంస్థలు తమ సైట్లను రెండోసారి కట్టుకున్నాయి. ఆ వరసలో రావాలంటే ఏఎంపీ ఉండాలన్న షరతును 2021లో గూగుల్ ఎత్తేసింది.

నిలిచినవేమిటో కూడా చూడాలి. పాండా వచ్చిన కొద్ది నెలలకు, 2011 మేలో, అప్పట్లో గూగుల్ సెర్చ్ నాణ్యతకు నాయకుడైన అమిత్ సింఘాల్ 23 ప్రశ్నలు ప్రచురించారు. ఈ వ్యాసంలోని సమాచారాన్ని మీరు నమ్ముతారా? విషయం తెలిసినవారు రాశారా? ఈ సైటుకు మీ క్రెడిట్ కార్డు నంబరు ఇవ్వడానికి జంకరు కదా? ఆ ధోరణిలో సాగిన ప్రశ్నలవి. 2022 ఆగస్టులో ‘హెల్ప్‌ఫుల్ కంటెంట్’ అప్‌డేట్‌తో వచ్చిన సూచనలను వాటి పక్కన పెట్టి చదవండి. పదకొండేళ్లలో అల్గారిథమ్‌లు మారిపోయాయి, ప్రశ్నల సారం మారలేదు. 2011లోనే ఆ ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకుంటూ రాసినవారు ప్రతి అప్‌డేట్‌కీ కొత్త చిట్కా వెతుక్కోనక్కరలేదు.

నాణ్యత చూసేందుకు గూగుల్ వేలమంది పరిశీలకులకు ఇచ్చే మార్గదర్శకాల్లో నైపుణ్యం, అధికారికత, విశ్వసనీయత అని మూడు కొలతలు ఉండేవి. 2022 డిసెంబరులో నాలుగోది చేరింది: అనుభవం. రాసినవారు ఆ వస్తువును వాడారా, ఆ చోటికి వెళ్లారా, ఆ పరిస్థితిని దాటి వచ్చారా? చాట్‌జీపీటీ వచ్చిన రెండు వారాలకే ఈ మార్పు ప్రకటించారు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను చెప్పలేను. కానీ యంత్రానికి వాక్యం తేలికైన వేళ, యంత్రానికి లేనిదేదో ఆ మార్గదర్శకాల్లోకి వచ్చి చేరింది.

వెతకడం తగ్గలేదు, వెళ్లడం తగ్గింది

2026 నాటికి సెర్చ్ ఇంజిన్ల వాడకం 25 శాతం పడిపోతుందని 2024 ఫిబ్రవరిలో గార్ట్‌నర్ సంస్థ అంచనా వేసింది. ఏడాది తర్వాత, 2025 మార్చిలో, తమ దగ్గర ఏటా 5 లక్షల కోట్లకు పైగా వెతుకులాటలు జరుగుతున్నాయని గూగుల్ ప్రకటించింది. జనం అడగడం మానలేదు. మారింది ఆ తర్వాతి అడుగు.

2024లో స్పార్క్‌టోరో అనే సంస్థ వెలువరించిన విశ్లేషణ ప్రకారం అమెరికాలో ప్రతి 1,000 గూగుల్ వెతుకులాటల్లో బయటి వెబ్‌సైట్లకు చేరిన క్లిక్‌లు 360. వాతావరణం, క్రికెట్ స్కోరు, రూపాయి మారకం విలువ వంటివి ఫలితాల పేజీలోనే దొరుకుతాయి. ఇక ఆ పేజీ నెత్తిన ఏఐ రాసిన సారాంశం కూర్చుంది. ఏఐ ఓవర్‌వ్యూస్ పేరుతో ఇది 2024 మేలో అమెరికాలో, ఆగస్టులో భారత్‌లో ఇంగ్లిష్, హిందీల్లో వచ్చింది. 2025 మార్చిలో 900 మంది అమెరికన్ల బ్రౌజింగ్‌ను ప్యూ రిసెర్చ్ సెంటర్ గమనించింది. ఏఐ సారాంశం లేనప్పుడు వాళ్లు 15 శాతం సందర్భాల్లో ఏదో ఒక ఫలితం మీద నొక్కారు. సారాంశం ఉన్నప్పుడు 8 శాతమే. ఆ సారాంశంలోనే ఇచ్చిన ఆధారపు లింకు మీద నొక్కింది 1 శాతం.

ఈ అంకెల వెనుక మనుషులున్నారు. ‘ఇది అంటే ఏమిటి’, ‘దానికి ఎన్ని రోజులు పడుతుంది’ వంటి ప్రశ్నలకు జవాబులు రాసి, వచ్చే పాఠకుల మీద ప్రకటనలతో బతికిన సైట్లకు ఇది జీవనాధారం దెబ్బతినడమే. వాళ్లు రాసిందాన్ని చదివి యంత్రం సారాంశం చెబుతుంది, పాఠకుడు వాళ్ల గుమ్మం తొక్కడు. ఒకే జవాబు, ఒకే పేరాలో చెప్పగల జవాబు ఉన్న పేజీకి ఇక ట్రాఫిక్ తగ్గుతూనే ఉంటుందన్నది నా మొదటి అంచనా. ఇందులో నాకు పెద్దగా సందేహం లేదు.

ముందున్న రోజులు

రెండో అంచనా ప్రశ్న రూపం గురించి. ఇన్నాళ్లూ మనం ‘అరకు డిసెంబర్’ అని రెండు మాటలు కొట్టి, పది పేజీలు తెరిచి, మనకు కావలసింది మనమే ఏరుకున్నాం. ఇప్పుడు ‘నాలుగేళ్ల పాపతో డిసెంబరులో అరకు వెళ్తున్నాం, మెట్లెక్కలేని అమ్మమ్మ కూడా వస్తోంది, రెండు రోజుల్లో ఏం చూడొచ్చు’ అని ఇంట్లో మనిషిని అడిగినట్టు అడుగుతాం. గూగుల్ ఏఐ మోడ్ ఇలాంటి ప్రశ్నను ముక్కలు చేసి ఒకేసారి చాలా వెతుకులాటలు జరుపుతుంది: డిసెంబరులో చలి ఎంత, విశాఖ నుంచి అద్దాల పెట్టె ఉన్న రైలు ఎప్పుడు, బొర్రా గుహల్లో మెట్లెన్ని, పిల్లలకు ఏది బాగుంటుంది. ప్రతి ముక్కకీ ఏదో ఒక పేజీలోని ఒక పేరా జవాబవుతుంది. పోటీ ఇక పేజీల మధ్య కాదు, పేరాల మధ్య. బొర్రా గుహల్లో ఎంతవరకు పెద్దవాళ్లు దిగగలరో, ఎక్కడ కూర్చోవచ్చో అక్కడికి వెళ్లివచ్చిన మనిషి రాసిన నాలుగు వాక్యాలు, ‘అరకులో చూడదగ్గ 10 ప్రదేశాలు’ అన్న పేజీకన్నా విలువైనవవుతాయి.

మూడోది కొత్త చిట్కాల ఆయుష్షు గురించి. ఏఐ జవాబుల్లో మన పేరు వచ్చేలా చేసే పనికి జీఈవో అనే పేరు స్థిరపడుతోంది. ఆ మాటను ముందుకు తెచ్చిన వాళ్లలో ప్రిన్స్‌టన్, ఐఐటీ దిల్లీ పరిశోధకులున్నారు. 2023 నవంబరులో బయటికొచ్చిన వాళ్ల పత్రం ప్రకారం అంకెలు, ఆధారాలు, నిపుణుల మాటలు చేర్చిన పేజీలు ఏఐ జవాబుల్లో 40 శాతం దాకా ఎక్కువగా కనిపించాయి. కీవర్డులు కుక్కినందువల్ల లాభం కలగలేదు. మంచి సంగతే. కానీ సూత్రాన్ని ఇక్కడా పెట్టి చూడండి. అంకెను కల్పించడం ఎంత చౌక? నిపుణుడి మాటను కల్పించడం ఎంత చౌక? ఈ చిట్కా తెలిసినవాళ్లు పెరిగేకొద్దీ లేని సర్వేలు, పుట్టని నిపుణులు వెబ్‌ను నింపుతారు. అప్పుడు యంత్రం అంకె ఉందా అని చూసి ఆగదు, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతుంది. అసలు ఆధారం ఉన్నవాడికి అప్పుడూ భయం ఉండదు.

నాలుగోది, ఊళ్లో విచారణ. మన సైటులో మనం చెప్పుకున్నదానికంటే, మన గురించి ఇతరులు ఇతర చోట్ల చెప్పినదానికి బరువు పెరుగుతుంది. గూగుల్‌పై అమెరికా ప్రభుత్వం వేసిన గుత్తాధిపత్య కేసులో, 2023 అక్టోబరులో, ఆ సంస్థ సెర్చ్ విభాగపు సీనియర్ అధికారి పాండు నాయక్ సాక్ష్యం చెప్పారు. నావ్‌బూస్ట్ అనే వ్యవస్థ జనం క్లిక్‌ల తీరును 13 నెలల పాటు గుర్తుంచుకుని ర్యాంకుల్లో వాడుతుందని అప్పుడు బయటపడింది. అంటే వచ్చినవాళ్లు నిలబడి చదివారా, వెంటనే వెనక్కి మళ్లారా అన్నదీ విచారణలో భాగమే. క్లిక్‌లనూ కొనే ప్రయత్నాలు జరుగుతాయి. కానీ ఏడాది పొడుగునా వేలమంది మనుషుల నిజమైన తృప్తిని కొనడం లింకు కొన్నంత తేలిక కాదు. మీ పేరు టైపు చేసి మిమ్మల్నే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఎంతమంది అన్నది రాబోయే రోజుల్లో అన్నిటికన్నా గట్టి ఆధారం అవుతుందని నా అంచనా.

ఐదోది బేరం. 2023 సెప్టెంబరులో గూగుల్ ‘గూగుల్-ఎక్స్‌టెండెడ్’ అనే మీట ఇచ్చింది; మన రాతలతో దాని ఏఐ మోడళ్లకు శిక్షణ ఇవ్వవద్దని దానితో చెప్పవచ్చు. సెర్చ్‌లో వచ్చే ఏఐ సారాంశాలకు అది వర్తించదు. ఏఐ క్రాలర్లు పేజీ చదివినందుకు డబ్బు వసూలు చేసే పద్ధతిని 2025 జులైలో క్లౌడ్‌ఫ్లేర్ అనే సంస్థ ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. ఎవరిని లోపలికి రానివ్వాలి, ఏ షరతు మీద రానివ్వాలి అన్నది ఇకపై ఎస్‌ఈవో పనిలో భాగమవుతుంది. రాసినవారికి ఫలం దక్కకపోతే రాయడం ఆగిపోతుంది. రాయడం ఆగిపోతే సారాంశం చెప్పడానికి యంత్రానికీ ఏమీ మిగలదు. ఈ లెక్క రెండువైపులా అర్థమైన రోజున న్యాయమైన బేరం కుదురుతుందని ఆశిస్తున్నాను.

తెలుగు సంగతి

2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8.1 కోట్లు. వెబ్‌లో తెలుగు వాటా మాత్రం నూటికి ఒకటి కూడా ఉండదు. దీనికి పాత కారణం ఒకటుంది. పేరున్న మన దినపత్రికల సైట్లు చాలాకాలం సొంత ఫాంట్లతో నడిచాయి. తెరమీద తెలుగు కనిపించేది, లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలు. సెర్చ్ ఇంజిన్‌కు అది అర్థం లేని గిలుకుడు. ఆ వార్తల్ని యూనికోడ్‌లోకి మార్చుకుని చదవడానికి ‘పద్మ’ అనే బ్రౌజర్ ఉపకరణాన్ని వాడినవాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. కళ్లెదుట ఉన్నా వెతికితే దొరకని తెలుగు అది.

ఇప్పుడు సెర్చ్ ఇంజిన్లు భాష అర్థం చేసుకునే తీరు మారింది. వాటిలోని కొత్త భాషా మోడళ్లు మాటల్ని అంకెల వరసలుగా మార్చి, అర్థం దగ్గరగా ఉన్నవాటిని దగ్గరగా పెడతాయి. 2019 అక్టోబరులో ఇంగ్లిష్‌తో మొదలైన బెర్ట్ మోడల్‌ను గూగుల్ ఆ డిసెంబరులోనే 70కి పైగా భాషలకు విస్తరించింది. వాటిలో తెలుగు ఒకటి. ఒక జిల్లాలో సొరకాయ, మరో జిల్లాలో ఆనపకాయ. ఒకప్పుడు సెర్చ్‌కి అవి రెండు వేరు వేరు కాయలు. అర్థాన్ని పట్టుకునే మోడల్‌కు ఒకే కాయ అని తెలియాలి. తెలియాలంటే ఆ రెండు మాటలతోనూ మనుషులు సహజంగా రాసిన తెలుగు దానికి తగినంత దొరకాలి.

అందుకే తెలుగులో ప్రమాదమూ, అవకాశమూ రెండూ పెద్దవే. ఇంగ్లిష్‌లో చెత్త పేజీ సముద్రంలో ఒక చుక్క. తెలుగులో ఒక్కో అంశం మీద ఉన్నవే కొన్ని పేజీలు. ఇంగ్లిష్ నుంచి యంత్రంతో తిప్పి పోసిన వ్యాసాలు అక్కడ చేరితే ఊరి బావిలో మురుగు కలిసినట్టే. రేపటి యంత్రాలు ఆ నీళ్లే తాగి, మనకు ఆ తెలుగే తిరిగి ఇస్తాయి. 2024 మేలో ఏఐ ఓవర్‌వ్యూస్ పిజ్జా మీద చీజ్ జారకుండా జిగురు వేయమని సలహా ఇచ్చింది. రెడిట్‌లో ఎవరో ఏనాడో వేసిన హాస్యాన్ని అది నిజమనుకుంది. రాశి తక్కువున్న భాషలో అలాంటి తప్పును సరిదిద్దే పేజీలు కూడా తక్కువే ఉంటాయి. మరోవైపు, అదే కారణంగా, తెలుగులో ఒక అంశం మీద బాగా రాసిన ఒక్క పేజీ ఎంతో బరువు మోస్తుంది.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటి గురించి ఏ యంత్రాన్ని అడిగినా, బోర్లించిన కుండ, కింద మంట, బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ అని క్షణంలో చెబుతుంది. అది చదివి ఎవరూ రేకు తీయలేరు. కుండ వేడి సరిపోయిందని చేతికి ఎలా తెలుస్తుంది? పిండి కాస్త పలచనైతే రేకు ఎక్కడ చిరుగుతుంది? ఎలాంటి కుండ పట్టుకుంటుంది, ఎలాంటిది పట్టుకోదు? వాన రోజున ఏం మారుస్తారు? ఇవి రోజూ ఆ పొయ్యి ముందు కూర్చునే మహిళకు తెలుసు. ఆమె చెప్పినవి చెప్పినట్టు, ఆమె మాటల్లో, ఆమె ఊరు పేరుతో, ఆమె చేతుల ఫొటోతో ఒక పేజీ ఉంటే, దాన్ని కల్పించడానికి ఆ పొయ్యి ముందు అన్నేళ్లు కూర్చోవడం తప్ప మరో దారి లేదు.

ఎస్‌ఈవోలో రాబోయేదేమిటని అడిగేవారికి నా దగ్గరున్న జవాబు అదే. రేపు గూగుల్ ఉండవచ్చు, దాని స్థానంలో మరొకటి రావచ్చు. ఏది వచ్చినా, తెలిసిన మనిషి ఎవరని అది విచారించక తప్పదు. విచారణకు వచ్చిన రోజున మన ఊళ్లో చెప్పడానికి ఎవరో ఒకరు ఉండాలి. ఆ మహిళ మాటలు ఇంకా ఎక్కడా రాసి లేకపోతే, ఈ ఏడాది ముందు చేయవలసిన పని అది.